అత్తరంగడి ఆవిడ కోసం ఒక ప్రార్థన మనవి

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలూ లేవు. అందుకని దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఉదయగిరి దగ్గర నేను పనిచేసే బడిలో పాత బీరువా సర్దుతుంటే, పిల్లలకు పనికిరావని పక్కన పెట్టిన కట్టలో దొరికింది. పనికిరాదని తేల్చినవాళ్ళు మాత్రం మొత్తం చదివాకే తేల్చినట్టున్నారు. మంచి ఘట్టాలున్న చోటల్లా పేజీల మూలలు మడిచి ఉన్నాయి. సాయంత్రం ఆత్మకూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే తెరిచాను. నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిందో తెలియదు. బస్సు డిపోలోకి వెళ్ళి ఆగాక కండక్టరు వచ్చి, "ఏం మేడం, బండి కడిగేదాకా కూసోనుంటారా" అన్నాడు. నాకు యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. పదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. వరండాలో నా చెప్పుల చప్పుడు వింటే పిల్లలు మాటలు ఆపేస్తారు. అలాంటి నేను నాలో నేను నవ్వుకుంటూ డిపో నుంచి ఇంటికి నడిచి వచ్చాను.

కథ ఇదీ. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక కొండ మీద కోట. కొండ కింద బజారు. ఆ బజారులో ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు. ఒకావిడ పొగరుబోతు గుర్రాలను మాలిమి చేస్తుంది. ఒకావిడ పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంది. మూడో ఆవిడ విధవరాలు, అత్తరు అంగడి పెట్టుకుంది. ఎంతటి మగవాడు వచ్చినా సరే, పెళ్ళే అయినా సరే, చేసే పని మాత్రం మానేది లేదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. ఇక చూసుకోండి, ముగ్గురికీ తలా ఒకడు తగులుకుంటాడు. అత్తరంగడికి కోట కాపలా సర్దారు రోజూ వచ్చి అత్తరు కొంటాడు. పాపం ఆయనకు పన్నెండు మాసాలూ జలుబే, ఏ వాసనా తెలియదు. మల్లె అత్తరు ఇచ్చినా ఆముదం ఇచ్చినా కళ్ళు మూసుకుని ఒకే రకంగా మెచ్చుకుంటాడు. అది చదివే నేను స్టాపు మర్చిపోయింది.

ఇలాంటి పుస్తకాన్ని ఒక్కదాన్నే చదువుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆత్మకూరులో మా చర్చి ఆడవాళ్ళం ప్రతి శనివారం సాయంత్రం ఆరు గంటలకు చర్చి పక్క గదిలో కూడతాం. పాట, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత టీ. టీ వేళ ఊరి కబుర్లు మామూలే. ఒక శనివారం ఆ కబుర్ల మధ్యలో జలుబు సర్దారు ఘట్టం ఒక పేజీ చదివి వినిపించాను. గ్లాసుల్లో టీ చల్లారిపోయింది గానీ ఎవరూ ఎత్తి తాగలేదు. పేజీ అయిపోయాక అందరూ ఒక్కసారే అమ్మగారి వైపు చూశారు. పాస్టరు అయ్యగారి భార్యను మేము అమ్మగారు అంటాం, మా స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. అమ్మగారు లేచారు. వాక్య గ్రంథాన్ని గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వచ్చి కూర్చుని, "ఇప్పుడు చదవండి" అన్నారు.

అప్పటినుంచి శనివారం అంటే మాకు పండగయింది. వాక్యం చదివినట్టే ఈ పుస్తకాన్నీ వంతులవారీగా చదివేవాళ్ళం, మనిషికి ఒక పేరా చొప్పున, చుట్టూ తిరిగి వచ్చేలా. ఒక నియమం పెట్టుకున్నాం: ముందుకు పోయి ఎవరూ దొంగతనంగా చదవకూడదు. పుస్తకం నా దగ్గరే ఉండేది కాబట్టి ఆ ఒట్టు నా చేతనే ప్రత్యేకంగా వేయించారు. సంచిలో పుస్తకం పెట్టుకుని వారమంతా బస్సులో తిరుగుతూ, తెరవకుండా ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు. బుధవారం వచ్చేసరికి చేతులు దురద పెట్టేవి.

మాలో అందరికంటే పెద్ద ఒక అవ్వ. డెబ్భై దాటాయి. వయసులో ఉన్నప్పుడు క్రైస్తవ మిషను తరపున ఊరూరూ నడిచి తిరిగి, ఇళ్ళ ముందు నిలబడి వాక్యం చదివి వినిపించే ఉద్యోగం చేసింది. ముప్పై ఏళ్ళు అదే పని. ఆ గొంతు మూడిళ్ళ అవతలికి వినపడుతుంది, తగ్గించమంటే తగ్గదు. ఏది చదివినా ఆ గొంతుతోనే చదువుతుంది, మందు సీసా మీద చీటీ అయినా సరే. మొదటి నెలలోనే ఒకసారి సర్దారు అత్తరు సీసా అందుకుంటూ ఆవిడ వేలు పట్టుకునే పేరా సరిగ్గా అవ్వ వంతుకు వచ్చింది. మేమంతా ఊపిరి బిగబట్టాం. అవ్వ లేచి నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, ఆ వేలు పట్టుకోవడాన్ని ఏసు కొండమీది ప్రసంగంలాగా గంభీరంగా చదివి, అలవాటు కొద్దీ చివర "ఆమేన్" అంది. మేమూ అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నాం. ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. ఆ తర్వాత అమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. అవ్వ మాత్రం నవ్వలేదు. "ఏంది మే నవ్వు. మంచి మాట గదా. ఆమేన్ అంటే తప్పేంది" అంది.

ఆ నవ్వు రోడ్డు అవతలికి వినపడి, ఎదురుగా ఉన్న హోల్‌సేల్ కిరాణా కొట్టువాళ్ళ కోడలు కిటికీ దగ్గరికి వచ్చింది. రెండు వారాలు కిటికీ బయట నిలబడే వింది. మూడో వారం కారప్పూసా మిక్చరూ కట్టిన కారాల పొట్లం పట్టుకుని లోపలికే వచ్చేసింది. "మా దేవుడు ఏమీ అనుకోడు. మీ దేవుడు ఏమన్నా అనుకుంటాడేమో కనుక్కోండి" అంది. కనుక్కోవాల్సిన అవసరం అమ్మగారికి కనిపించలేదు, కారాలు అంత బాగున్నాయి.

అవ్వకు ఒక కోడలు. నలభై ఒకటో రెండో ఉంటాయి. అవ్వకు ఉన్నది ఒక్కడే కొడుకు, అతను పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. భర్త పోయిన ఏడాదే ఆమె ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని కుట్టు అంగడి పెట్టింది. ఇప్పుడు ఆత్మకూరులో పెళ్ళి జాకెట్టు అంటే ఆమె దగ్గరికే పోవాలి. అత్తాకోడళ్ళు ఇద్దరే ఆ ఇంట్లో ఉంటారు. చదువు వేళ ఆమె గుమ్మం పక్కన కూర్చుని, ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని హుక్కులు కుట్టుకుంటూ వినేది. తన వంతు వస్తే మెల్లగా, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు చదివేది. ఒకే ఇంట్లో అంత పెద్ద గొంతు, ఇంత చిన్న గొంతు ఎలా సర్దుకుంటున్నాయా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

సగం పుస్తకం అయ్యేసరికి మా వాళ్ళందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది. ఈ కథ జరిగింది ఉదయగిరి కొండ మీదే అని. పుస్తకంలో ఊరి పేరు ఎక్కడా లేదు. "ఇంకే కొండ మే. మనకు ఉండేది ఒకటే కొండ, ఒకటే కోట" అని అవ్వ తేల్చేసింది. నేను చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని, అలా తేల్చకూడదని చెప్పాల్సింది. కానీ నేను పుట్టింది ఉదయగిరిలో. మా ఊరికి గొప్ప వస్తుంటే వద్దనడానికి నాకేం పట్టింది. చూసొద్దామని ఒక రెండో శనివారం వ్యాను మాట్లాడుకుని పోయాం. దారిపొడవునా ఒకటే గోల. గుర్రాల సాల ఎక్కడ ఉండి ఉంటుంది, పూటకూళ్ళ ఇంటి పొయ్యి ఎటువైపు అని. కిరాణా వాళ్ళ కోడలయితే అత్తరంగడి మార్కెట్టుకు దగ్గరగా లేకపోతే వ్యాపారం సాగదని వాదించింది. కొండ మొదట్లో అవ్వ కూలబడి, "నా మోకాళ్ళు రావు. మీరు పొయ్యి చూసి ఆ పిల్ల అంగడి యాడుండాదో నాకు చెప్పండి" అంది.

ఎక్కేవాళ్ళం ఎక్కాం. కంపచెట్లు తప్పించుకుంటూ, ఎండకు కొంగులు కప్పుకుని, ఆయాసపడుతూ. అవ్వ కోడలూ నేనూ మిగతావాళ్ళకంటే ముందు పోయి ఒక పడిపోయిన గోడ మీద కూర్చున్నాం. కింద ఊరు మొత్తం కనపడుతోంది. నేను ఊరికే, "ఇక్కడినుంచే దిగి వచ్చి ఉంటాడు ఆ జలుబు మహానుభావుడు, రోజుకొక సీసా కొనడానికి" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఉంది. కళ్ళ వెంబడి నీళ్ళు వచ్చేదాకా నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుని, "టీచరక్కా, నీకొక మాట చెప్పనా" అంది.

"చెప్పు."

"ఒకాయన నా దగ్గరికి గుండీలు ఊడిన చొక్కా తెస్తా ఉండాడు. ఒకటే చొక్కా. ఎనిమిది సార్లు తెచ్చినాడు. ఎంత గట్టిగా కుట్టినా ఊడతా ఉండాది. ఏందా అని చూస్తే, బ్లేడుతో కోసిన గుర్తు."

నాకు ఒళ్ళు పులకరించింది. పుస్తకంలో జరిగింది పుస్తకం బయట మా మధ్యలోనే జరుగుతుంటే ఎవరికి మాత్రం పులకరించదు. ఒకదాని మీద ఒకటి అడిగేశాను. ఆయన సంగం దగ్గర కాలవ లస్కరు, షట్టర్లు ఎత్తి పొలాలకు నీళ్ళు వదిలే పని. యాభైకి కాస్త ఇటు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నెల కిందట, ఎనిమిదోసారి చొక్కా తెచ్చినప్పుడు, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడట.

"నువ్వేమన్నావు?"

"అంగడి మూయను, అత్తను వదలను అన్నా. నీకు కావాలంటే నువ్వే ఆత్మకూరు వచ్చి మాతో ఉండాల అన్నా. ఆయన సరే అన్నాడు. సంగం ఎంతదూరం, బస్సులు ఉండాయి గదా, పొద్దున పొయ్యి సాయంత్రం వస్తా అన్నాడు."

"మరి ఇంకేం, తల్లీ."

ఆమె కిందికి చూసింది. కొండ మొదట్లో అవ్వ చీర తెల్లగా ఒక చుక్కలాగా కనపడుతోంది. "మా అత్త. ఉన్న ఒక్క కొడుకూ పొయ్యినాడు. ఆ కొడుకు భార్యనని నేను ఇంట్లో ఉండా. ఇంకొకాయన్ని తెచ్చి ఆ ఇంట్లో కూర్చోబెడతానంటే ఆమె గుండె పగలదా. ఆమె వద్దంటే నేను చేసుకోను. అడిగినాక వద్దంటే, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇంట్లో ఎట్ట ఉండేది. అందుకే అడగలా. నువ్వు ఎవురికీ చెప్పబాక అక్కా."

చెప్పనని ఒట్టు పెట్టాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ ఒట్టు నాకు పుస్తకం ఒట్టు కంటే పది రెట్లు బరువయింది. అయినా నిలబెట్టుకున్నాను. వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు అవ్వ నా పక్కనే కూర్చుని, అంగడి కనపడిందా అని అడిగితే, కనపడిందవ్వా అని మాత్రం అన్నాను.

ఆ తర్వాతి శనివారం పుస్తకంలో ఘోరం జరిగింది. అత్తరంగడి ఆవిడ, సర్దారు పెళ్ళి అనుకున్న సంగతి ఆవిడ అత్తింట్లో తెలిసిపోయింది. అత్త పది మందిని వెంటేసుకుని వచ్చి, విధవకు అత్తరేమిటి సర్దారేమిటి అని అంగడికి తాళం వేసి, ఆ తాళంచెవి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది. అధ్యాయం అక్కడితో ఆగింది. చివరి పేరా అవ్వ వంతే. చదివి, మొదటిసారి ఆమేన్ అనకుండా కూర్చుంది.

గదిలో ఒకటే రగడ. తాళం పగలగొట్టమనేవాళ్ళు కొందరు, ఆ అత్తను చెంపదెబ్బ కొట్టమనేవాళ్ళు కొందరు. ఇంకొక్క పేజీ చదవమని కిరాణా వాళ్ళ కోడలు నన్ను బతిమాలింది. అమ్మగారు టైమయిందని ఒప్పుకోలేదు. అవ్వ అందరికంటే కోపంగా ఉంది.

"శనివారం దాకా ఆ పిల్ల గతేంది? నేను ప్రార్థన చేస్తా" అంది.

"అవ్వా, ఆ పుస్తకం ఎప్పుడో అచ్చయిపోయింది. నువ్వు ఇప్పుడు ప్రార్థన చేస్తే కథ మారుతుందా" అన్నాను.

"నువ్వు చివర చదివినావా?"

"లేదు."

"చదవనప్పుడు మారదని నీకెట్ట తెలుసు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూ గుమ్మం వైపు చూశాను. అవ్వ కోడలు తలెత్తలేదు. సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని ఉంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు, ఇప్పుడు చెప్పమ్మా అని లోలోపల ఎంత అనుకున్నానో. ఆమె దారం కొరికి, జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

మా చర్చి గుమ్మం దగ్గర ప్రార్థన మనవుల పెట్టె ఒకటి ఉంటుంది. చీటీ మీద ఎవరూ పేరు రాయరు. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ఒక్కొక్క చీటీ తీసి చదువుతారు. మనవి చేసినవాళ్ళకు ఇష్టమైతే లేచి నిలబడతారు, అప్పుడు సంఘమంతా వాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంది. అవ్వ ఇంట్లో మోకరించి ప్రార్థిస్తుంది కాబోలు అనుకున్నాను గానీ, చీటీ రాసి పెట్టెలో వేస్తుందని నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు సంఘం పని చేసిన మనిషి. ఎవరికి కష్టం వచ్చినా చీటీ వేయడం ఆవిడకు అన్నం తిన్నంత అలవాటు. ఆ కష్టం పుస్తకంలోదా బజారులోదా అని చూడలేదు.

ఆ ఆదివారం నేను అవ్వ పక్కనే కూర్చున్నాను. కోడలు మా ముందు వరసలో, కిటికీ పక్కన. అయ్యగారు మోకాళ్ళ నొప్పుల చీటీ చదివారు, టీచరు పరీక్ష రాసే అబ్బాయి చీటీ చదివారు. తర్వాత ఒక చీటీ విప్పి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"ఒక విధవరాలు, మంచి పనిమంతురాలు, సొంత కష్టముతో అంగడి పెట్టుకొని బ్రతుకుచున్నది. ఒక మంచి మనిషిని వివాహమాడవలెనని ఆమె కోరిక. అత్తగారి మనస్సు రాయివలె ఉన్నది. ఆ రాయి కరగవలెనని ప్రార్థన."

చర్చిలో తలలన్నీ ఒకేసారి తిరిగాయి. మా సంఘంలో అంగడి పెట్టుకున్న విధవరాలు ఒక్కతే. మగవాళ్ళ వైపు నుంచి గుసగుసలు మొదలయ్యాయి. శనివారం ఆడవాళ్ళకు మాత్రం సంగతి అర్థమై, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. ఆ చీటీ నేనే వేశానని కోడలు అనుకుంటుంది. అనుకోకుండా ఎలా ఉంటుంది, లోకంలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. కొండ మీద పెట్టిన ఒట్టు తప్పానని నా ముఖం ఇక చూడదు. అవ్వ మాత్రం తన చీటీ వచ్చినందుకు సంతోషంగా, తల ఊపుతూ కూర్చుని ఉంది. జనం తన కోడలి వైపు ఎందుకు చూస్తున్నారో ఆవిడకు అంతు పట్టలేదు.

"ఈ మనవి చేసినవారు ఇష్టమైతే నిలబడవచ్చు" అన్నారు అయ్యగారు.

అవ్వ లేవబోయింది. లేచి ఏం చెబుతుందో నాకు తెలుసు. అది పుస్తకంలో పిల్ల గురించి అయ్యగారూ, అత్తరు అమ్ముతాది, అని మూడిళ్ళ అవతలికి వినపడేలా చెబుతుంది. సంఘమంతా నవ్వుతుంది. ఆ నవ్వు తర్వాత ఆ పిల్ల జన్మలో నోరు విప్పదు. నేను అవ్వ చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకున్నాను. "వదులు మే" అని ఆవిడ నా చేతి మీద కొట్టింది.

ఆ లోపల మా ముందు వరసలో కోడలు లేచి నిలబడింది. తల వంచుకోలేదు. "ఆ మనవి నాదే అయ్యగారూ" అంది. రహస్యం చెప్పే గొంతే, కానీ ఆ రోజు చర్చిలో అది వినపడని చోటు లేదు.

అవ్వ చేయి నా చేతి మీద అలాగే ఉండిపోయింది. కొట్టిన చేయి, బరువుగా, చల్లగా. అయ్యగారికి వెనక కథ ఏమీ తెలియదు. కళ్ళు మూసుకుని, పూర్ణ హృదయంతో, ఆ అత్తగారి రాతి గుండెను కరిగించుమని, ఆ కఠినురాలికి మంచి మనసు ఇమ్మని చాలాసేపు ప్రార్థించారు. తనను కఠినురాలని సంఘమంతా ప్రార్థిస్తుంటే అవ్వ తల వంచుకుని వింది. చివర అందరూ ఆమేన్ అన్నారు. అందులో అవ్వ గొంతు లేదు. ఆ గొంతు లేకపోతే ఆమేన్ ఎంత చిన్నగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆరాధన అయ్యాక అవ్వ ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. కోడలు మెట్ల దగ్గర నా కోసం ఆగింది. "మంచి పని చేసినావక్కా. నువ్వు చీటీ వేసుండకపోతే నాకు ధైర్యం వచ్చేది కాదు" అంది.

"నేను వేయలేదు. మీ అత్త వేసింది."

ఆమె ముఖంలో రంగు మారిపోయింది. "ఆమెకు తెలుసా?"

"తెలియదు. పుస్తకంలో ఆవిడ గురించి వేసింది."

ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. పక్కన కూర్చుని నేనూ అదే చేశాను.

ఆ వారం నేను ఉదయగిరి బస్సులో ఎలా పోయి వచ్చానో నాకే తెలియదు. రోజూ ఆమెకు ఫోను చేసేదాన్ని. "మాట్లాడడంలా అక్కా. పెట్టింది తింటా ఉండాది, పండుకుంటా ఉండాది. ఒక్క మాట లేదు. మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినపడతా ఉండాది, పదకొండేళ్ళలో ఎప్పుడూ వినలా" అనేది. నాకు భయం వేసింది, సిగ్గు కూడా వేసింది. సరదాకని తెచ్చిన పుస్తకం ఒక కొంపలో మాట లేకుండా చేసిందే అని. అవ్వ ఇక శనివారాలకు రాదనుకున్నాను.

శనివారం నేను వెళ్ళేసరికి అవ్వ అందరికంటే ముందు వచ్చి కూర్చుని ఉంది. ఒక్కతే. "పుస్తకం ఇటియ్యి" అంది.

"అవ్వా, ముందుకు చదవకూడదని నియమం."

"ఇటియ్యి మే."

ఇచ్చాను. చివరి పేజీలు తీసింది. బిగ్గరగా తప్ప చదవడం తెలియని మనిషి, పెదవులు మాత్రం కదుపుతూ తనలో తాను చదువుకుంది. ఈలోగా ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడవార నిలబడిపోయారు. కిరాణా వాళ్ళ కోడలు కారాల పొట్లం విప్పలేదు. అమ్మగారు బీరువా తాళం తీయడమే మర్చిపోయారు. కోడలు అందరి తర్వాత వచ్చి గుమ్మంలో ఆగింది.

అవ్వ పుస్తకం మూసింది. "పెళ్ళి అయింది ఆ పిల్లకు. అంగడి తాళం తీసినారు. గుర్రాల పిల్లకీ అయింది, పూటకూళ్ళామెకీ అయింది. అందరూ బాగుండారు" అంది.

ఎవరికీ సంతోషించడానికి ధైర్యం చాలలేదు.

"అత్త ఏమైంది?" అంది అవ్వ. నన్నే చూస్తోంది. "తాళం తీసినారని రాసుండాది. తాళంచెవి ఆమె దగ్గర ఉండె గదా. ఆమె ఇచ్చిందా, లాక్కున్నారా? కొడుకు లేడు. కోడలు పొయ్యి సర్దారు ఇంట్లో ఉండాది. ఆ ముసిల్ది ఎవురింట్లో ఉండాది, ఆమెకు కూడు ఎవురు పెడతా ఉండారు? ఒక్క ముక్క రాయలా."

ఇన్నేళ్ళుగా ఇలాంటి కథలు ఎన్నో చదివి మురిసిపోయాను. పెళ్ళయ్యాక ఆ అత్త ఎక్కడ తింటుందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినందుకు అవ్వ మీద నాకు పట్టలేనంత గౌరవం కలిగింది. నన్ను చూసి నాకే సిగ్గేసింది.

"నేను చెప్తా అత్తా" అంది గుమ్మంలోంచి కోడలు. "ఆ అత్త ఆ ఇంట్లోనే ఉండాది. కోడలు కూడా యాడికీ పోలా. ఆయనే సంచి పట్టుకోని వచ్చినాడు."

అవ్వ తల తిప్పలేదు. "అట్టని ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్పినా ఆయనకు. అడిగినప్పుడు మొదట చెప్పింది ఆ మాటే. అంగడి మూయను, అత్తను వదలను అని."

"నాకెందుకు చెప్పలా?"

"నువ్వు వద్దంటావని."

"అడగకుండానే వద్దంటానని రాసి పెట్టుకున్నావా" అంది అవ్వ. గొంతు మెల్లగా పాతదారికి వస్తోంది, కిటికీ రెక్కలు అదిరేలా. "వారం రోజులుగా చూస్తా ఉండా, ఇదిప్పుడు నన్ను వదిలి పోతాది, ఎప్పుడు చెప్తాదా, ఎప్పుడు చెప్తాదా అని. ఉంటానన్న మాట ముందు చెప్పి ఏడవచ్చు గదా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎవురాయన? గుండీల చొక్కా ఆయనేనా?"

"నీకెట్ట తెలుసు అత్తా" అంది కోడలు.

"నువ్వు అంగడిలో లేనప్పుడు ఆ చొక్కా రెండు తూర్లు నేనే తీసి ఇచ్చినా. మనిషి పద్ధతైనోడే, చొక్కానే నాసిరకం అనుకున్నా" అంది అవ్వ.

అప్పుడు పేలింది నవ్వు. కిరాణా వాళ్ళ కోడలు నవ్వలేక నవ్వుతూ, చర్చిలో అసలు సంగతి జరిగిన ఆదివారం తనను ఎవరూ పిలవలేదని మా అందరినీ తిట్టింది. కోడలు వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూలబడి ఆ ఒళ్ళో తల పెట్టింది. అవ్వ ఆ తల మీద చేయి వేసి, "వచ్చే ఆదివారం ఆయన్ని చర్చికి రమ్మను. ముందు నేను చూడాల. బాగాలేకపోతే అప్పుడు వద్దంటా" అంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఆ ఆదివారం అవ్వ ఆయన్ని చూసింది. వద్దనలేదు. కాలవకు నీళ్ళు కట్టేసిన నెల అయితేనే ఆయనకు సెలవు దొరుకుతుంది కాబట్టి ఆ నెలలో పెళ్ళి పెట్టుకున్నారు. కొత్త చొక్కా ఆమే కుట్టింది. వింజమూరు నుంచి ఆమె అన్న తెల్లబట్టల్లో వచ్చి, చెల్లెలి చేయి అప్పగించడానికి వేదిక పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. మేము శనివారం ఆడవాళ్ళం రెండు వరసలు నిండా కూర్చున్నాం. కిరాణా వాళ్ళ కోడలు అందరికంటే ముందు వరసలో ఉంది.

ఈ వధువును ఇచ్చేది ఎవరని అయ్యగారు అడిగారు. ఆ అన్న ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పటికే అవ్వ లేచి నిలబడింది.

"నేను" అంది. రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. "నేనిస్తా ఉండా అయ్యగారూ. ఇస్తా ఉండా గానీ, పంపించేది లేదు."